కుడి అంచు

ద్వితీయార్ధంలో మావాళ్లు కుడివైపుకి ఆడతారు. ఈ సంగతి పొద్దున హోటల్ గదిలో, ఎవరూ చూడకుండా స్నానాలగదిలో గడియ వేసుకుని కళ్లలో చుక్కలు వేసుకుంటున్నప్పుడే నాకు తట్టాల్సింది. తట్టలేదు. విరామం అయిపోయి రెండు ఫుట్‌బాల్ జట్లూ వైపులు మార్చుకుని నిలబడ్డాక గానీ తట్టలేదు. మొదటి సగంలో మా నార్వే ఆడపిల్లల ఎర్రచొక్కాలు ఎడమవైపుకి పరుగెత్తాయి, ఎడమవైపు నాకింకా బాగానే కనిపిస్తుంది, అందుకని అందరితోపాటు లేచాను, అందరితోపాటు కూర్చున్నాను, రెఫరీని అందరితోపాటు తిట్టాను. స్వీడన్‌వాళ్ల గోల్ మాత్రం కుడిచివర పడింది. పసుపుచొక్కాల హోరు విని తల తిప్పేసరికి బంతి అప్పటికే వలలో దొర్లుతోంది. కానీ ఓడిపోతున్నవాళ్లు గోల్ ఎలా పడిందని ఒకరినొకరు అడుక్కోరు గనక బతికిపోయాను. ఇప్పుడిక ఆ వెసులుబాటు లేదు. ఇక నలభై అయిదు నిమిషాలూ చూడాల్సిందంతా కుడివైపే జరుగుతుంది, నా కుడిపక్కన నా స్నేహితురాలు విగ్దిస్ కూర్చుని ఉంది, ఆమె అవతల ఏముందో నాకు తెలియదు. ఏదో పొగమంచు ఉంటుందనుకుంటారు జనం, నల్లటి తెర ఉంటుందనుకుంటారు. అలాంటిదేమీ ఉండదు. అక్కడ ఏమీ లేదన్న సంగతి కూడా తెలియనంత శుభ్రంగా ఏమీ ఉండదు.

అందుకని గుడ్లగూబలా మెడ తిప్పుతూ కూర్చున్నాను. సన్నటి జల్లు పడుతోంది. ఈ స్వీడన్ ఊళ్లో, యోతెబోరిలో, అక్టోబరు చివర ఎప్పుడూ ఉండే జల్లే, తడిపీ తడపనట్టు, కాలర్లోంచి దిగి వెన్ను దాకా వెళ్లేది. ఎడమపక్కన మా మూడో స్నేహితురాలు ఉన్ని తన ఒళ్లో రేకుకాగితం విప్పి ఇంట్లోంచి తెచ్చిన వాఫిల్ అట్లమీద గోధుమరంగు జున్ను పలుచగా గీసి పెడుతోంది. ఆస్పత్రి బట్టలుతికేచోట ముప్పయ్యేళ్లుగా పనిచేస్తున్న ఆ చేతులకి తడి అంటే లెక్కలేదు. నాకో ముక్క ఇచ్చింది. నోట్లో పెట్టుకుంటే మట్టిలా ఉంది. పది నిమిషాలు గడిచాయి, పన్నెండు గడిచాయి, మావాళ్లు కుడిమూల నుంచి ఏదో చేస్తున్నారు, ముందు వరసవాళ్ల వీపులు బిగిశాయి, తిప్పాను మెడ, ఆలస్యంగా తిప్పాను, వీపులు అప్పటికే సడలిపోయాయి. 

"ఏమే, ఇందాకట్నించీ నన్నే చూస్తున్నావు. నేనంత బాగున్నానా?" అంది విగ్దిస్.

"నీ జుట్టు చూస్తున్నా. అదేం రంగే తల్లీ."

"ఎరుపు వేద్దామనుకున్నా. నారింజ తేలింది. గడువు దాటిన డబ్బా. నా సెలూన్‌లో మిగిలిపోయిందంతా నా నెత్తిమీదికే వస్తుంది మరి." బీరు గ్లాసు ఎత్తి ఓ గుక్క తాగింది. అది మూడోది. మూడోది అని నేను లెక్కపెట్టాను. ఎందుకు లెక్కపెట్టానో నాకు తెలుసు. ఒక్కటే తాగి ఉంటే, మధ్యాహ్నమే ఆపేసి ఉంటే, ఏదో వంక చెప్పి తాళాలు ఆమె చేతిలో పెట్టొచ్చని మనసులో ఒక మూల దాచుకున్న ఆశ. రెండో గ్లాసుతోనే అది పోయింది. ఉన్నికి లైసెన్సు లేదు. మూడుసార్లు పరీక్షకి వెళ్లింది, మూడోసారి రౌండబౌట్ కూడలి మధ్యలో బండి ఆపి, పక్కన కూర్చున్న పరీక్షాధికారికి క్షమాపణ చెప్పి, దిగి ఇంటికి నడిచి వెళ్లిపోయింది. ఆ కథ విగ్దిస్ చెబితే ఊరంతా నవ్వుతుంది. కాబట్టి బండి ఎప్పుడూ నేనే నడుపుతాను. ఇరవై ఏళ్లుగా ఇలా తిరుగుతున్నాం మేం ముగ్గురం, డెన్మార్క్‌కి వెళ్లాం, జర్మనీకి వెళ్లాం, ఒకసారి వేసవిలో ఫ్రాన్స్ దాకా కూడా, ప్రతిసారీ నేనే నడిపాను, వెనకసీట్లో వాళ్లు నిద్రపోతే నాకు హాయిగా ఉండేది, నామీద అంత నమ్మకం పెట్టి నోరు తెరుచుకుని నిద్రపోయే మనుషులు నాకు వేరే ఎవరున్నారు.

నన్ను చూసిన కంటిడాక్టరు చిన్నవాడు. మీసం కూడా సరిగ్గా రాలేదు. యంత్రం ముందు గడ్డం ఆనించి కూర్చోమన్నాడు. లోపల తెల్లటి పెద్ద గిన్నెలా ఉంది, నడుమ ఉన్న చుక్కమీంచి చూపు తిప్పకూడదు, పక్కల్లో ఎక్కడైనా చిన్న వెలుగు మెరిస్తే చేతిలో ఉన్న బొత్తాం నొక్కాలి. మొదట్లో మెరుపులు వచ్చాయి, నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. యంత్రం లోపల ఏదో టిక్కుమంటోంది, అంటే వెలుగులు వస్తూనే ఉన్నాయన్నమాట, నాకే రావడం లేదు. అప్పుడు నేను ఆ టిక్కుల లయ పట్టుకుని నొక్కడం మొదలుపెట్టాను. పద్నాలుగేళ్లు గోల్ కాసినదాన్ని, పెనాల్టీ అంటే చూసి దూకేది కాదు, ముందే ఊహించి దూకేది, సగం సార్లు సరిపోయేది. బయటికొచ్చాక ఆ చిన్నవాడు కాగితం నా ముందు పెట్టాడు. కుడికన్ను బొమ్మలో చాలాభాగం నల్లగా ఉంది, ఎడమకన్నులో ముక్కువైపు సగం. గ్లాకోమా, అన్నాడు. కంటిలో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతూ వస్తుంది, నొప్పి ఉండదు, పోయింది తిరిగి రాదు, ఉన్నది చుక్కలతో కాపాడుకోవాలి. తర్వాత బొమ్మ మీద వేలు పెట్టి, "వెలుగు లేనప్పుడు కూడా మీరు పద్నాలుగుసార్లు నొక్కారు," అన్నాడు. "అలా నొక్కేవాళ్లు రెండు రకాలండీ. చెప్పింది అర్థం కానివాళ్లు, భయపడినవాళ్లు. మీరు అర్థం కానివారిలా లేరు." కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. "ఇవాళ్టి నుంచి బండి నడపకండి. ఇంటికి కూడా," అన్నాడు. మరి ఇంటికెలా వెళ్లను అని అడిగాను. బస్సులో, అన్నాడు, మెత్తగానే. సరేనని తల ఊపాను. వెళ్లి బస్టాపులో నిలబడ్డాను కూడా. ఒక బస్సు వచ్చింది, వెళ్లింది. ఆయన గది కిటికీలో దీపం ఆరేదాకా ఉండి, వెనక్కి నడిచి, నా కారెక్కి ఇంటికొచ్చాను.

ముందు వరసలో ఎవరో లేచారు. నేనూ లేచాను. ఏమీ కాలేదు, అతను కాఫీకి వెళుతున్నాడు. కూర్చున్నాను.

పద్దెనిమిది రోజులు. ఆ రోజు నుంచి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు, అందులో నేను బండి తీసినవి పన్నెండు బడిరోజులు, రోజుకి రెండు సార్లు. మా ఊరు హాల్డెన్‌లో మా టాక్సీ కంపెనీకి బడిపిల్లల బళ్లు రెండున్నాయి, ఒకటి నాది. మామూలు బస్సెక్కలేని పిల్లలు. నలుగురు. చివరగా ఎక్కేది మథేయా, తొమ్మిదేళ్లది, చక్రాలకుర్చీ, దాని కుర్చీకి నాలుగు పట్టీలు నేనే బిగించాలి, బిగిస్తున్నంతసేపూ అది మాట్లాడుతూనే ఉంటుంది, వాళ్లింటి పిల్లి ఈనిందనీ, పిల్లల్లో ఒకదానికి నీ పేరు పెట్టాననీ, అది మగదని తర్వాత తెలిసిందనీ. పట్టీలు నాలుగూ రెండేసి సార్లు లాగి చూస్తాను. అంత జాగ్రత్త మనిషిని. ఈ పన్నెండు రోజులూ మూడేసి సార్లు లాగి చూశాను, పట్టీ గట్టిగా ఉంటే చాలన్నట్టు, ప్రమాదం పట్టీలోనే ఉన్నట్టు. రేపొకరోజు, ఎల్లుండొకరోజు అనుకుంటూ వచ్చాను. యాభై ఒకటో ఏట ఇంకేం పని చేస్తాను, బండి నడపడం తప్ప నాకేం వచ్చు, అనుకుంటూ వచ్చాను. రెండో పరీక్ష వచ్చే వారం ఉంది, అందులో బాగా వస్తే ఇదంతా ఎవరికీ తెలియనక్కర్లేదు, అనుకుంటూ వచ్చాను. ఇదే నేను మా నాన్నకి డెబ్బై తొమ్మిదేళ్లప్పుడు, పక్కింటివాళ్ల పోస్టుడబ్బాని గుద్దినందుకు, ఆయన జేబులోంచి తాళాలు లాక్కున్నాను. ఆ చలికాలమంతా ఆయన నాతో మాట్లాడలేదు. నువ్వు చేసింది తప్పు కాదమ్మా, కానీ నువ్వే చేయాల్సింది కాదు, అన్నాడు వసంతంలో ఎప్పుడో. మరి నా జేబులో చెయ్యి పెట్టేవాళ్లెవరు. పెళ్లి లేదు, పిల్లల్లేరు, ఉన్నదల్లా వీళ్లిద్దరు, ఒకతె బీరు తాగుతోంది, ఒకతె జున్ను గీస్తోంది.

దీపాలు వెలిగించారు. మైదానం నాలుగుమూలలా ఉన్న పెద్ద స్తంభాల మీద తెల్లగా విరిశాయి. అంటే బయట చీకటి పడబోతోంది. డెబ్బై నిమిషాలు అయింది. ఇంకో ఇరవై, పైన మూడో నాలుగో, తర్వాత కారు పెట్టినచోటికి నడక, తర్వాత రెండు గంటల దారి, తడిసిన రోడ్డు, ఎదురుగా దీపాలు, కుడిపక్కన అడవి. పగలే ఇలా ఉంటే. పగలే అలా అయితే.

నిన్న పట్టపగలు. ఇక్కడికి వచ్చే దారిలో, స్వీడన్ తీరాన స్మోగెన్ దగ్గర ఒక చిన్న ఊరు, ముందుగా వచ్చి రొయ్యలు తిని సముద్రం చూసి వెళదామని విగ్దిసే అంది, తిన్నాం, చూశాం, ముగ్గురం రాళ్లమీద కూర్చుని ఫొటో తీసుకున్నాం. తిరిగి బయల్దేరి ఒక మలుపు దగ్గర కుడివైపుకి తిప్పాను. రోడ్డు ఖాళీగా ఉంది. ఖాళీగా ఉందని ప్రమాణం చేసి చెప్పగలను, నాకు అలాగే కనిపించింది. దబ్‌మని చప్పుడైంది. బ్రేకు తొక్కాను. అద్దంలో చూస్తే ఒక ముసలాయన, అల్లికటోపీ, చక్రాలున్న ఊతబండి, దానికి వేలాడుతున్న వలసంచిలో రెండు రొట్టెలు. కారు పక్కకి అరచేత్తో కొట్టాడు. అంతే, తగల్లేదు, జానెడు దూరంలో తప్పింది. విగ్దిస్ కిటికీ దించి వెనక్కి చూసి, "ఏంటయ్యా, మన నార్వే నంబరుప్లేటు చూసి కడుపుమంటా? మనం శనాదివారాలు చవగ్గా దొరుకుతుందని సరిహద్దు దాటొచ్చి కొనే పందిమాంసంతో బతుకుతూ మన బండినే కొడతాడా," అంది. ఉన్ని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. అద్దంలో ఆయన మొహం నాకు కనిపిస్తూనే ఉంది, ఎదురుగా ఉన్నవి నాకు బాగా కనిపిస్తాయి. కోపం లేదు ఆయన మొహంలో. తన అరచెయ్యి తిప్పి చూసుకుంటున్నాడు, అది ఇంకా తన దగ్గరే ఉందా అన్నట్టు. ఆయన కాళ్లకింద తెల్లచారలున్నాయి. నడిచేవాళ్ల కోసం గీసిన చారలు. నేను గేరు వేసి ముందుకి పోనిచ్చాను. తర్వాత యోతెబోరి దాకా వాళ్లు ఆ హాస్యం నాలుగుసార్లు చెప్పుకున్నారు, హోటల్లో గుమస్తాకి కూడా చెప్పారు, ఆ స్వీడన్ కుర్రాడు కూడా మర్యాదకి నవ్వాడు. రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన ఇంటికి వెళ్లి రొట్టెలు బల్లమీద పెట్టి ఎవరితో చెప్పుకుని ఉంటాడు, ఇంట్లో ఎవరైనా ఉన్నారో లేరో, చెప్పుకుంటే నార్వేవాళ్లు అని చెప్పి ఉంటాడా, ఒక ఆడమనిషి అని చెప్పి ఉంటాడా, ఆగి కూడా దిగలేదు అని చెప్పి ఉంటాడు, అది మాత్రం తప్పకుండా చెప్పి ఉంటాడు.

కడుపునొప్పి అని చెబితే. కారు స్టార్టు కావడం లేదని చెబితే, వైరేదో నేనే పీకేసి. ఇంకో రాత్రి ఇక్కడే ఉందామంటే, రేపు పొద్దున వెలుగులో మెల్లగా, కానీ వెలుగులో కూడా, నిన్న వెలుగే కదా. ఉన్నికి రేపు ఆదివారం పొద్దున్నే డ్యూటీ. కూర్చున్న చోట కూర్చోలేకపోతున్నాను, మోకాలు దానంతటది ఊగుతోంది, ఉన్ని తన చెయ్యి తెచ్చి దానిమీద పెట్టింది, మైదానంమీంచి చూపు తిప్పకుండానే. "గెలవకపోయినా ఏం కాదులేవే," అంది. ఆ చెయ్యి కింద మోకాలు ఆగింది, లోపల ఊపు ఆగలేదు. ఎనభై అయింది. ఎనభై అయిదు. నేను ఆట చూడటం మానేశాను. ముందు వరసలో ఒకాయన మెడమీద జల్లుచుక్కలు చూస్తూ కూర్చున్నాను, ఒక చుక్క ఇంకో చుక్కతో కలిసి జారింది. మథేయా పట్టీలు, ముసలాయన రొట్టెలు, సోమవారం పొద్దున ఏడూ పదికి బళ్లు చూసే స్టైనార్ నా చేతికి తాళాలిస్తూ ఎప్పటిలాగే నాకంటే ముందు కాఫీ పోస్తాడు, నీ బండి మీద ఒక్క ఫిర్యాదు రాలేదు అస్లౌగ్, పదకొండేళ్లలో ఒక్కటి కూడా, అన్నాడు పోయిన వారం.

అప్పుడు నా చుట్టూ ఉన్న జనమంతా ఒక్కసారి లేచింది. నాకు ముందు తెలిసింది కాళ్లకింద చెక్క అదరడం, తర్వాత విగ్దిస్ బీరు నా ఒళ్లో పడటం, తర్వాత హోరు. లేచాను. ఎటు చూడాలో తెలియక ముందు ఎడమకి చూశాను, అక్కడ మా గోల్‌కీపరు ఒంటరిగా రెండు చేతులూ పైకెత్తి గెంతుతోంది, అప్పుడు గానీ మావాళ్లు సమం చేశారని నాకు అర్థం కాలేదు. విగ్దిస్ నా మెడ కావలించుకుని చెంపమీద చెంప వేసి అరుస్తోంది. "చూశావా? ఆ పదకొండో నంబరు పిల్ల ఎక్కడ్నించి వచ్చిందో చూశావా? చిట్టచివర్నించి. గీత మీంచి. చూశావటే?"

"చూశాను," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందంటే, నాకు నా మీద భయం వేసింది. టిక్కుమన్నప్పుడల్లా బొత్తాం నొక్కినంత సులువుగా. సోమవారం మథేయా తల్లి గుమ్మంలో నిలబడి దారి ఎలా ఉంది అంటే బాగుంది అని ఇంతే సులువుగా అంటాను, ఎప్పుడో ఒకరోజు పోలీసు నా కిటికీ దగ్గర వంగి చారల మీద మనిషి కనబడలేదా అంటే ఏమంటానో కూడా నాకు వినిపించింది. నేను విగ్దిస్ చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. ఆమెకి వినబడలేదు. చుట్టూ పాట మొదలైంది. ఏంటీ, అంది. మళ్లీ చెప్పాను. "ఏంటే? గట్టిగా చెప్పు."

"నాకు కనబడదు," అని అరిచాను. "కుడివైపు నాకు కనబడదు, విగ్దిస్. కళ్లు పోతున్నాయి. నిన్న ఆ ముసలాయన చారల మీదే ఉన్నాడు. నేను ఆయన్ని చూడలేదు."

పాట సరిగ్గా అప్పుడే ఆగింది. ముందు వరసలో ఆ తడిమెడ ఆయన వెనక్కి తిరిగి చూసి, మళ్లీ తిరిగిపోయాడు. విగ్దిస్ చేతులు నా మెడమీంచి దిగాయి. మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, దానికింద వేరే మొహం వస్తోంది. నిలబడ్డదల్లా కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఉన్ని ఎడమపక్క నుంచి ముందుకి వంగి ఇద్దరినీ చూసింది.

"ఎప్పట్నించి తెలుసు నీకు?" అంది విగ్దిస్.

"డాక్టరు నడపొద్దని చెప్పి పద్దెనిమిది రోజులైంది."

"పద్దెనిమిది." ఆమె వేళ్లు ఖాళీ గ్లాసుని నొక్కుతున్నాయి. "అంటే నిన్న మమ్మల్ని ఎక్కించుకున్నప్పుడు తెలుసు."

"తెలుసు."

"పిల్లల్ని కూడా ఎక్కించుకున్నావా? ఈ పద్దెనిమిది రోజులూ?"

"ఆఁ."

"మథేయా వాళ్లమ్మకి మొన్న గురువారం జుట్టు కత్తిరించాను నేను. మా అస్లౌగ్ బండిలో అయితే నీకు బెంగక్కర్లేదని ఆమెకి చెప్పాను. నా నోటితో చెప్పాను." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "నేను ఆ ముసలాయన్ని ఎగతాళి చేశాను. నువ్వు పక్కనే కూర్చుని నవ్వావు. నాతో పాటు నవ్వావు కదే."

మైదానంలో ఎవరో ఎవరినో పడేశారు, రెఫరీ చెయ్యి ఎత్తింది, జనం లేచారు, కూర్చున్నారు, మాకేమీ పట్టలేదు. ఉన్ని రేకుకాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో పెట్టుకుంది. ఫోను తీసి కాసేపు వేలితో తోసింది. "ఆరుంబావుకి రైలుంది," అంది. "హాల్డెన్‌లో ఆగుతుంది. కారు ఇక్కడే ఉంటుంది, మా తమ్ముడు ఆదివారం వచ్చి తీసుకొస్తాడు. స్టేషను నడిచే దూరమే." తర్వాత నా వైపు చూడకుండా, "నువ్వు ఈ సంగతి ముందు నాకు చెప్పి ఉండాల్సింది," అంది. "నేను బండి నడపను కాబట్టి నాకు అర్థం కాదనుకున్నావా. నడపలేకే దిగిపోయాను ఆ రోజు. నడిరోడ్డులో. అందరూ నవ్వుతారని తెలిసే దిగాను." 

విజిల్ ఊదారు. ఒకటి ఒకటి. చుట్టూ మావాళ్లు గెలిచినట్టే కావలించుకుంటున్నారు. మేం ముగ్గురం జనంతోపాటు మెట్ల దాకా వెళ్లాం, అక్కడ విగ్దిస్ ఆగింది. తాళాలకోసం చెయ్యి చాపుతుందనుకున్నాను. చాపలేదు. "ఫోన్ తియ్యి," అంది. "స్టైనార్‌కి ఇప్పుడే చెయ్యి. సోమవారానికి వేరే మనిషిని వెతుక్కోవాలి కదా ఆయన. రైల్లో చేస్తానంటే కుదరదు. రైలెక్కాక నీకు ఇంకో ఆలోచన వస్తుంది. నాకు తెలుసు నీ సంగతి."

"ఇక్కడ వినబడదే," అన్నాను.

"వినబడుతుంది. నేను విన్నాను కదా."

గోడవారన నిలబడి నంబరు నొక్కాను. మెట్లమీంచి దిగుతున్న జనం కుడివైపు నుంచి వచ్చి భుజం రాసుకుని పోతున్నారు, తగిలాకే తెలుస్తోంది ఎవరో ఉన్నారని. స్టైనార్ వెంటనే ఎత్తాడు. వెనక టీవీ మోత, ఇంకెవరిదో నవ్వు. శనివారం సాయంత్రం, వాళ్లింట్లో పదిమంది చేరి ఉంటారు.

"అస్లౌగ్, నువ్వే చేస్తావని అనుకుంటూనే ఉన్నా," అన్నాడు. "ఇదిగో, ఇక్కడ మా బావతో పందెం పడింది. ఆ గోల్ వేసిన పిల్ల పక్కగీత బయట్నించి వచ్చిందంటాడు వాడు. టీవీలో సరిగ్గా చూపించలేదు. నువ్వు అక్కడే ఉన్నావు కదా, చెప్పు, ఆ పిల్ల ఎక్కడ్నించి వచ్చింది? నువ్వు చూశావుగా."

విగ్దిస్ నా ఎదురుగా నిలబడి ఉంది, తడిసిన నారింజ జుట్టు నుదుటికి అంటుకుని. ఎదురుగా ఉంది గనక స్పష్టంగా కనబడుతోంది.

"లేదు, స్టైనార్. చూడలేదు," అన్నాను. "అది కుడివైపు నుంచి వచ్చింది. కుడివైపు నాకు కనబడదు. అది చెప్పడానికే ఫోన్ చేశాను."

అవతల ఎవరినో ఆగమన్నాడు. తలుపు మూసిన చప్పుడైంది, టీవీ మోత పోయింది.

"ఎప్పట్నించి?" అన్నాడు.

చెప్పాను.